వింటున్న పెట్టె

దేవిని ఉద్యోగంలోంచి తీసేశారన్న సంగతి హిమబిందుకి గురువారం పొద్దున్న, వాకిట్లో అమ్మ చేపల బేసిన్లు తోముతుంటే తెలిసింది. ఫోన్లో దేవి ఏడవడం లేదు. ఏడుపంతా అయిపోయి, గొంతు ఎండిపోయాక చేసినట్టుంది.

"నిన్న సాయంత్రం మెయిలొచ్చిందే బిందూ. ఇయ్యాల్టి నుంచి లాగిన్ అవ్వొద్దంట."

"ఏటి సేసినావు దేవక్కా?"

"ఏటీ సెయ్యనేదే. మంగళారం మా ఆయనకి అన్నం పెడతా, 'పై నెల ఏరే ఏజెన్సీలో అడుగుతాను, ఈ వీరేంద్ర కింద నావల్ల కాదు' అన్నాను. అదే మాట మెయిల్లో రాసినారు. ఒక్క ముక్క పొల్లుపోనేదు. సంస్థని అగౌరవపరిసినానంట."

"మీ ఆయన ఎవురితోనైనా అన్నాడేమో."

"ఎవురితో అంటాడే? పిల్లోడు తొంగున్నాడు, గదిలో మేమిద్దరవే ఉన్నాం. ల్యాప్‌టాప్ బల్ల మీద ఎలుగుతుండీది, అంతే." దేవి గొంతు తగ్గించింది. "బిందూ, నీది ఎక్కడ పెట్టినావు?"

హిమబిందు తల తిప్పి గుమ్మంలోంచి లోపలికి చూసింది. వాళ్లకున్నది ఒకటే గది. ఓ మూల వంటగట్టు, ఓ మూల నీళ్లు పోసుకోవడానికి చీర కట్టిన జాగా, మధ్యలో మంచం. మంచానికి ఎదురుగా కుట్టుమిషను బల్ల మీద ల్యాప్‌టాప్. పోయిన వానాకాలంలో దాని మూతబందు విరిగింది. అప్పట్నుంచీ అది మూసుకోదు. గోడకి ఆనించి, తెరిచిన నోటితో అలాగే ఉంటుంది, పగలూ రాత్రీ. మూత పై అంచున మినపగింజంత నల్లటి కన్ను, దాని పక్కన మిషను నడుస్తున్నంతసేపూ వెలిగే చిన్న చుక్క. ఆ కంటికి సరిగ్గా ఎదురుగా దండెం మీద అమ్మ జాకెట్లు, తన లంగాలు.

"బిందూ, ఉన్నావా?"

"ఉన్నాను," అంది హిమబిందు. అనేశాక, గుమ్మానికి ఇంత దగ్గర్లో నిలబడి ఎందుకన్నానా అనుకుంది.

దేవీ తనూ ఒకే క్లియరింగ్ ఏజెన్సీలో పనిచేసేవాళ్లు. ఓడల్లో వచ్చే సరుకుకి సంబంధించిన కాగితాలు స్కాన్ అయి వస్తాయి. వాటిలోని కంటైనర్ నంబర్లూ, బరువులూ, పెట్టెల లెక్కలూ చూసి ఏజెన్సీ వెబ్‌పేజీలో కొట్టాలి. ఒక్క అంకె తప్పినా సరుకు పోర్టులో ఆగిపోతుంది. పోర్టు రోడ్డు పక్కనున్న ఆఫీసు గదిని ఏజెన్సీ ఎనిమిది నెలల కిందట ఎత్తేశాక అందరూ ఇళ్లనుంచే, ఎవరి ల్యాప్‌టాప్ మీద వాళ్లు చేస్తున్నారు. సూపర్‌వైజర్ వీరేంద్ర ఇంటింటికీ వచ్చి హాజరు ప్రోగ్రాం ఎక్కించి వెళ్లాడు. "పనిగంటలు చూస్తుందమ్మా, అంతే," అన్నాడు. అమ్మ అప్పాయమ్మ అతనికి టీ ఇచ్చింది కూడా.

తొమ్మిదయింది. హిమబిందు కుర్చీలో కూర్చుంది. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. ఎప్పుడూ నంబర్లు పైకి చదువుకుంటూ కొట్టడం ఆమె అలవాటు. ఆ రోజు పెదవులు కదలలేదు. గత ఎనిమిది నెలల్లో ఈ గదిలో ఏమేం మాట్లాడిందో ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. యజమాని ఇంగ్లీషుని వెక్కిరిస్తూ అమ్మని నవ్వించడం. కడుపునొప్పి వచ్చిన రోజున డాక్టర్ అడిగినవన్నీ అమ్మకి చెప్పడం. తడిజుట్టుతో, ఒంటికి తువ్వాలు చుట్టుకుని, ఈ కుర్చీ వెనకాలే నిలబడి బీరువా తెరవడం.

పదకొండుకి లేచి, అద్దం అంచున అంటించి ఉన్న స్టికర్ బొట్టొకటి గోటితో తీసింది. తుమ్ము వచ్చినట్టు ముఖం పక్కకి తిప్పుకుని, చూడకుండానే వేలితో తడుముతూ ఆ కన్ను మీద అతికించింది.  ఏమీ కాలేదు. రెండు పత్రాలు పూర్తిచేసింది. మూడోది తెరుస్తుండగా ఫోన్ మోగింది. వీరేంద్ర.

"ఏమ్మా హిమబిందూ, భోజనం అయిందా?"

"ఇంకా లేదు సార్."

"నీ కెమెరా మీద ఏదో పడినట్టుందమ్మా. ఎర్రగా కనబడుతోంది. తుడుచుకో."

గొంతులో కోపం లేదు. కరెంటు బిల్లు వచ్చిందని చెప్పే పొరుగువాడిలా చెప్పాడు. హిమబిందు "సరే సార్" అంది. బొట్టు పీకేసింది. దాని జిగురు గాజు మీద మిగిలిపోతే పైటకొంగుతో తుడిచింది, ఆ కంటికి ముఖం దగ్గరగా పెట్టి. అలా తుడుస్తున్నంతసేపూ తన ముఖం అటువైపు ఎంత పెద్దగా కనబడుతుంటుందో అనుకుంది.

ఒంటిగంటకి అప్పాయమ్మ బజారునుంచి వచ్చింది. పొద్దున్నే హార్బర్‌కి వెళ్లి చేపలు కొని, మల్కాపురం మార్కెట్లో కూర్చుని అమ్ముకునే మనిషి. వచ్చీ రావడంతోనే బేసిను దించి, మోకాళ్ల దాకా తడిసిన చీర కుచ్చిళ్లు లాగబోయింది.

"అమ్మా! బయటికి పో!"

అప్పాయమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లలో కూతురు ఆమెమీద అలా అరవలేదు.

"ఏటే?"

హిమబిందు ఓరగా ల్యాప్‌టాప్ వైపు చూసింది. చెప్పాలంటే అది వింటుంది. పక్కనున్న నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో 'ఇది మనల్ని చూస్తోంది' అని రాసి, బల్ల కింద నుంచి అమ్మ వైపు చాపింది. అప్పాయమ్మ కాగితం వైపు చూసింది, కూతురి వైపు చూసింది. అమ్మకి చదువు రాదన్న సంగతి హిమబిందుకి అప్పుడు గుర్తొచ్చింది. లేచి, ఆమె చెయ్యి పట్టుకుని సందు చివర కుళాయి దాకా ఈడ్చుకుపోయింది. బిందెలో నీళ్లు పడే చప్పుడు మధ్య చెవిలో చెప్పింది.

 అప్పాయమ్మ తడిచీర గట్టిగా కప్పుకుంది, భుజాల మీదుగా, మెడ దాకా.

"నాను తానం సేసింది కూడానేటే?"

"తెలవదమ్మా."

"మీ నాన్నకి సెప్పకు. కత్తట్టుకుని బయల్దేరుతాడు." నాన్న అప్పలసూరి బోటు మీద వేటకి వెళ్లి నాలుగు రోజులయింది, ఇంకో వారం దాకా రాడు. "ఆ పెట్టె మూసీరాదా?"

"మూసుకోదు గదా. ఆపేత్తే ఫోన్ సేత్తాడు. పీకి పారేత్తే రేపు దేవక్కకొచ్చిన మెయిలే నాకొత్తది."

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, దానిమీద దుప్పటి కప్పింది. అయినా తల్లీకూతుళ్లు అన్నం వాకిట్లో తిన్నారు. ఒకరితో ఒకరు గుసగుసగా మాట్లాడుకున్నారు. దగ్గర్లోని రిఫైనరీ గొట్టం మీది మంట ఆకాశంలో రోజూలాగే ఎగురుతోంది. చీర కట్టిన మూలకి అప్పాయమ్మ రెండోవైపు గోనెపట్టా బిగించింది.

*

మధ్యాహ్నం విరామం ముప్పావుగంట. శుక్రవారం ఆ ముప్పావుగంటలో హిమబిందు ఫోన్ ఇంట్లోనే వదిలేసి మెయిన్‌రోడ్డు మీద నెట్ సెంటర్‌కి నడిచింది. ఫోన్లోనూ ఏజెన్సీ హాజరు యాప్ ఉంది. అది ఏం వింటోందో ఎవరికి తెలుసు? నెట్ సెంటర్లో కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయాయి. వెనకాల ఎవరో జెరాక్స్ తీయించుకుంటున్నారు. మెషీన్ వెలుగు గోడ మీద పాకినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడింది.

ఆమె తెరిచింది 'ఇంటిచిట్కా' ఫోరం. తెలుగువాళ్లు ఒకరికొకరు పనికొచ్చే మాటలు చెప్పుకునే చోటు అది. మిక్సీ జారు బిగుసుకుపోతే ఏం చెయ్యాలి, ఉప్పుగాలికి కత్తెర తుప్పు పట్టకుండా ఏం రాయాలి, ఇలాంటివి. అక్కడ ఆమె పేరు హార్బర్ పిల్ల. చేపల వాసన, ఎండుచేపల నిల్వ అంటే అందరూ ఆమెనే అడుగుతారు. ఇన్నాళ్లలో తన కోసం ఏదీ అడగలేదు.

'మా ల్యాప్‌టాప్ మా ఇంట్లో మాటలు వింటోంది. చూస్తోంది కూడా. ఆఫీసు వాళ్లు ఏదో ఎక్కించారు. ల్యాప్‌టాప్ నాదే. ఉద్యోగం పోకుండా ఎలా ఆపాలి? దయచేసి నా నంబరు అడగవద్దు.'

పది నిమిషాల్లో జవాబులు వచ్చాయి. నిమ్మకాయ కట్టమని ఒకరు నవ్వారు. మీరు ఏదో తప్పు చేసుంటారు, లేకపోతే ఎందుకు భయం అని ఒకరు. కంపెనీ మీద కేసు వెయ్యండి అని ఒకరు. హిమబిందు లేచిపోబోతుండగా కింద ఇంకోటి వచ్చింది. రాసింది 'చలమయ్య, దువ్వాడ'. పోయిన వానల్లో ఎండురొయ్యలకి బూజు పడుతోందని అడిగితే, వట్టి మూకుట్లో సన్నసెగన వేడిచేసి, చల్లారాక సీసాలో పెట్టుకోమని ఆమె చెప్పింది ఈయనకే.

'రొయ్యలు ఈ ఏడాది పాడవలేదు, తల్లీ. మూడు సంగతులు చెప్పు. నీ పని అంతా బ్రౌజర్లోనే జరుగుతుందా? ల్యాప్‌టాప్ ఏ కంపెనీది, ఎన్నేళ్లది? ఏదైనా కాగితం మీద సంతకం పెట్టావా?'

బ్రౌజర్లోనే. కంపెనీ పేరు రాసింది. తొమ్మిదేళ్లది, సెకండ్‌హ్యాండ్. సంతకం ఏమీ లేదు.

'అయితే దారుంది. వాళ్ల ప్రోగ్రాం విండోస్ లోపల కూర్చుంటుంది. మనం విండోస్‌ని లేపకుండానే పని చేసుకోవచ్చు. లినక్స్ అని ఇంకోటి ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది. అది నీ ల్యాప్‌టాప్‌లో తయారు చెయ్యకు, వాళ్లకి కనబడుతుంది. నేను చేసి ఇస్తాను. ఆదివారం పదకొండింటికి దువ్వాడ స్టేషన్, ఒకటో ప్లాట్‌ఫారం, మెట్ల వంతెన కింద బెంచీ. ఒక్కదానివే రాకు. ఎవర్నైనా తోడు తెచ్చుకో.'

ముక్కూ మొహం తెలియని మగవాడు స్టేషన్‌కి రమ్మంటున్నాడు. హిమబిందు ఆ ఆఖరి వాక్యం నాలుగుసార్లు చదువుకుంది. ఎవర్నైనా తోడు తెచ్చుకో.

ఆదివారం అంటే చేపలకి గిరాకీ రోజు. అయినా అప్పాయమ్మ బజారు మానేసింది. బస్సులో దువ్వాడ దాకా కూతురి మోచెయ్యి వదల్లేదు. "ముసిలోడు సెయ్యట్టుకుంటే మటుకు నాను ఊరుకోను," అంది రెండుసార్లు. ప్లాట్‌ఫారం మీద కాలేజీ పిల్లలు, ప్యాసింజరు కోసం మూటలు పట్టుకుని నిలబడ్డవాళ్లు. బెంచీ మీద ముసలాయన ఎవరూ లేరు. గుడ్డసంచీ, గొడుగు పట్టుకుని, కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ మాత్రం ఉంది. పదకొండున్నర దాకా చూశారు. హిమబిందు వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది. ఇది కూడా వీరేంద్ర పన్నిందేనేమో. ఫోరంలో అడిగింది కూడా వాళ్లకి తెలిసిపోయిందేమో.

"హార్బర్ పిల్లవి నువ్వేనా?" అంది పెద్దావిడ, ఇంతసేపూ వాళ్ల వెనకాల ఇంకెవరూ రాలేదని చూసుకున్నట్టు, ఒక్కసారిగా ఇటు తిరిగి.

 అప్పాయమ్మ ముందుకొచ్చింది. "సెలమయ్యగోరు రానేదా?"

"చలమయ్య మా ఆయనండీ. ఆయనకి టీవీ రిమోటు కూడా సరిగ్గా రాదు. నా పేరు భ్రమరాంబ." ఆవిడ సంచీ జరిపి చోటిచ్చింది. "మొదట్లో నా పేరుతోనే రాసేదాన్ని. నేను చెప్పిన చిట్కా ఒకడు చదివితే, పదిమంది మీ వయసెంత, ఫొటో పెట్టండి అని. విసుగొచ్చి ఆయన పేరు పెట్టుకున్నా. నిన్నూ భయపెట్టినట్టున్నాను. స్టేషన్‌కి వచ్చేదాకా చెప్పకూడదనుకున్నానమ్మా. ఆ ఫోరం ఎవరెవరు చదువుతారో."

అప్పాయమ్మ మోచెయ్యి వదిలింది.

భ్రమరాంబ సంచీలోంచి అంచులు అరిగిన ల్యాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకుంది. వేలెడంత పెన్‌డ్రైవ్ దానికి గుచ్చి, బటన్ నొక్కి, వెంటనే పై వరసలోని ఒక మీట టకటకా కొట్టింది. "ఇక్కడే ఉంది కిటుకంతా. ఆలస్యం చేశావా, విండోస్ లేచి కూర్చుంటుంది. నీ మిషను ఏ కంపెనీదో చెప్పావుగా, దానికీ ఎఫ్ పన్నెండే. ఊఁ, నువ్వు చెయ్యి."

హిమబిందు చేసింది. మొదటిసారి మీట ఆలస్యంగా నొక్కింది. రెండోసారి నల్లతెర మీద జాబితా వచ్చింది. ఐదోసారికి చెయ్యి దానంతటదే వెళ్లింది. తెరమీద తెలుగులో 'స్వాగతం' అని కనబడింది.

"ఇది ఇల్లు మారడం కాదు. వాకిట్లో మంచం వేసుకోవడం. లోపలున్న సామాను ఏదీ ముట్టుకోదు," అంది భ్రమరాంబ. "పాతది చెరిపెయ్యాలని నీకనిపిస్తుంది. చెరపకు. వాళ్లు పెట్టిన ప్రోగ్రాం అలాగే ఉండనీ. రేపు ఎవరికైనా చూపించాల్సొస్తే అదొక్కటే నీ సాక్ష్యం."

"సార్ అడిగితే ఏం చెప్పాలండీ?"

"నిజమే చెప్పు. పాత విండోస్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి, కొత్తది నా మిషన్‌కి పడదు, లినక్స్‌లోకి మారాను, మీ హాజరు ప్రోగ్రాం దీనిమీద రావట్లేదు. అన్నీ నిజాలే కదా? ఒక్కమాట కూడా ఎక్కువ చెప్పకు."

విజయవాడ వైపు వెళ్లే గూడ్సుబండి వచ్చింది. బొగ్గు వ్యాగన్లు దాటేదాకా ముగ్గురూ మాట్లాడకుండా కూర్చున్నారు. తర్వాత భ్రమరాంబ, ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుంటూ, ఎవరూ అడక్కుండానే అంది. "నేను టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో చేశాను. మొదటి పదేళ్లు ఊరికీ ఊరికీ లైన్లు కలిపే ట్రంకుబోర్డు మీద. మీట ఎత్తితే ఎవరి మాటలైనా వినొచ్చు. చావులూ, బేరాలూ, మొగుడూపెళ్లాల కోపాలూ. విన్నా అడిగేవాడు లేడు. లైను కలిపాక హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టేవాళ్లం. ఎవరూ నేర్పలేదు. అలా పెట్టాలని తెలుసు, అంతే."

"భయం పోతుందాండీ?" అని అడిగింది హిమబిందు.

"పోతుందని చెప్పను," అంది ఆవిడ. పెన్‌డ్రైవ్ హిమబిందు రెండు చేతుల్లో పెట్టింది.

*

సోమవారం ఎనిమిదీ యాభైకి తలుపు దగ్గరగా వేసి, హిమబిందు బటన్ నొక్కింది. ఎఫ్ పన్నెండు. నల్లతెర. తెల్లటి అక్షరాల వరసలు జరజరా పైకి పాకాయి, ఆగాయి. ఆగిన చోటే అర నిమిషం ఉండిపోయాయి. పాడుచేశాననుకుంది. తొమ్మిదేళ్ల మిషను, ఇంకోటి కొనే స్తోమత లేదు, అయిపోయింది. అప్పుడు తెర నీలంగా వెలిగింది. వైఫై పాస్‌వర్డు రెండుసార్లు తప్పుకొట్టి మూడోసారికి కలిపింది. ఏజెన్సీ పేజీ తెరుచుకుంది. అదే పేజీ, అదే బూడిదరంగు గళ్లు. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు.

కెమెరా పక్కన ఎప్పుడూ వెలిగే చిన్న చుక్క ఈసారి వెలగలేదు.

తొమ్మిదీ నలభైకి ఫోన్.

"హిమబిందూ, నీ సిస్టం ఆఫ్‌లైన్ చూపిస్తోంది. కానీ ఎంట్రీలు పడుతున్నాయి. ఎలాగమ్మా?"

 రాత్రి వాకిట్లో అమ్మ ముందు పదిసార్లు చెప్పి చూసుకున్న మాటలు వరస తప్పాయి. "సార్, విండోస్... పాతది కదా సార్, అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్తది పడదంట. అందుకని లినక్స్‌లోకి మారాను. మన హాజరు ప్రోగ్రాం దీనిమీద రావట్లేదు సార్."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"లినక్సా?"

"అవును సార్. పని ఆగదు సార్. మొన్న ఈ టైముకి కొట్టినవాటికన్నా రెండు ఎక్కువే కొట్టాను."

"సరే," అని ఫోన్ పెట్టేశాడు.

తిట్టి ఉంటే బాగుండేది. దేవికి మెయిల్ సాయంత్రం నాలుగింటికి వచ్చింది. హిమబిందు నాలుగు దాకా గడియారం చూస్తూ కొట్టింది, నాలుగు దాటాక మెయిల్‌పెట్టె చూస్తూ కొట్టింది. అప్పాయమ్మ గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి వలుస్తూ, ఫోన్ కదిలినప్పుడల్లా చేతులాపి లోపలికి చూసింది. ఏ మెయిలూ రాలేదు.

మంగళవారం మధ్యాహ్నం సందులో బైకు ఆగింది. హెల్మెట్ తియ్యకుండానే వీరేంద్ర గుమ్మం దాకా వచ్చాడు. అప్పాయమ్మ అరుగు మీద కత్తిపీట వేసుకుని వంజరం చేపలు కోస్తోంది. లేవలేదు. కత్తిపీట పక్కకి జరపనూ లేదు. హిమబిందు కుర్చీలోంచి లేచి, గోడకి వీపు ఆనించి నిలబడింది. ల్యాప్‌టాప్ పట్టుకుపోతాడని మొదట అనిపించింది. పెన్‌డ్రైవ్ లాగేసి గుప్పిట్లో దాచుకుంది. తెర ఒక్కసారి మిణుకుమని స్తంభించిపోయింది.

"ఫోన్ బండి డిక్కీలో పెట్టి వచ్చానమ్మా," అన్నాడు వీరేంద్ర. హెల్మెట్ తీశాడు. జుట్టంతా చెమట. "కాసేపు కూర్చోవచ్చా?"

హిమబిందు తన ఫోన్ తీసి బియ్యండబ్బాలో పెట్టి మూత బిగించింది. కూర్చోమని ఎవరూ అనలేదు. అతనే గడప మీద కూర్చున్నాడు, కాళ్లు బయటికి పెట్టి.

"అది... ఆ లినక్స్. నా ల్యాప్‌టాప్‌కి కూడా పనిచేస్తుందా?"

హిమబిందు గుప్పిట ఇంకా విప్పలేదు.

"మీకెందుకు సార్?"

"నాదీ ఇంట్లోనే ఉంటుంది కదమ్మా. హాల్లో. మా పాప ఎనిమిదో తరగతి. అక్కడే కూర్చుని చదువుకుంటుంది. దాని ఎదురుగానే." అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నాకు కూడా మీకు వేసిందే వేశారు. సూపర్‌వైజర్‌ని కదా, నాకుండదనుకున్నా. పోయిన నెల నా మీద రిపోర్టు నాకే వచ్చింది, పొరపాటున. మా ఆవిడ వాళ్ల అమ్మతో అన్న మాటలున్నాయి దాంట్లో."

"మరి ఆ రోజు ఎర్రగా కనబడుతోందన్నారు."

"నేను చూళ్లేదమ్మా. ఒట్టు. నాకు మెసేజ్ వస్తుంది. 'ఫలానా ఆమె కెమెరా ఎర్రగా ఉంది, చెప్పు' అని. చెప్తాను. ఎవరు చూస్తారో నాకూ తెలీదు. ఏ ఊర్లో కూర్చుంటారో కూడా తెలీదు."

ఇతను చూడలేదన్న మాటకి ఊపిరి తేలికవ్వాలి. హిమబిందుకి అవ్వలేదు. ఇన్నాళ్లూ భయానికి ఒక ముఖం ఉండేది. టీ తాగి వెళ్లిన ముఖం. ఇప్పుడు అదీ లేదు.

"దేవక్కకి మెయిలు మీ పేరుతోనే వచ్చింది," అంది.

"వాళ్లే రాసి పంపారు. కింద నా పేరుంది. సెండ్ నొక్కాను."

అరుగు మీద కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. "నొక్కినావు," అంది అప్పాయమ్మ, అతని వైపు చూడకుండా. "నాను తానం సేసీది ఎవుడు సూసినాడో తెలవదన్నమాట."

వీరేంద్ర తల వంచుకున్నాడు. అతని మెడమీద చెమట బొట్టు కాలరులోకి జారడం హిమబిందు చూసింది. ఆ మెడ అంత దగ్గరగా, అంత మామూలుగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"నాను సేసిత్తాను సార్," అంది. ఆఫీసు వాళ్లతో మాట్లాడే తెలుగు నాలుకమీదికి రాలేదు. "పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, సేసిత్తాను. కానీ మీ దగ్గిరికొచ్చిన రిపోర్టులు... దేవక్కవి, నావి... అవి మాకియ్యండి. కాయితాల మీద."

అతను గభాల్న తలెత్తాడు. "అవి బయటికొస్తే నా ఉద్యోగం ఉండదు. నేను తప్ప ఇంకెవరూ ఇవ్వలేరని తెలిసిపోతుంది."

"దేవక్కదీ ఉండనేదు గదా."

వీరేంద్ర లేచాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు. క్లిప్పు పడక రెండుసార్లు నొక్కాడు. వెళ్లిపోయాడు. బైకు సందు మలుపు తిరిగే దాకా తల్లీకూతుళ్లు అటే చూశారు.

"ఎల్లి సెప్పేత్తాడే," అంది అప్పాయమ్మ.

హిమబిందు పెన్‌డ్రైవ్ మళ్లీ గుచ్చి, మిషను మళ్లీ లేపింది. పోయిన ఎంట్రీ మొదట్నుంచి కొట్టింది. చెప్పేస్తాడు. చెప్పేసి తన ఉద్యోగం నిలబెట్టుకుంటాడు. ఎవరైనా అదే చేస్తారు. తనైనా అదే చేసేదేమో, ఎనిమిదో తరగతి పిల్ల ఉంటే. సాయంత్రం దాకా ఆ ఆలోచన వదల్లేదు. రాత్రి పడుకున్నాక కూడా ఆ బైకు చప్పుడే చెవిలో తిరిగింది.

బుధవారం ఎనిమిదింటికి తలుపు కొట్టారు. దేవి. చెప్పులు కుడిఎడమలు మార్చి తొడుక్కుంది, చూసుకోలేదు. చేతిలో ఖాకీ కవరు.

"పొద్దున్నే ఎవుడో హెల్మెట్టోడు మా ఆయన సేతిలో ఎట్టి ఎల్లిపోయాడంట. పేరు సెప్పనేదు. ఇది సూడు బిందూ."

కాగితాలు మంచం మీద పరిచారు. తేదీలు, గంటలు, నిమిషాలు. పేరు ఎదురుగా మాటలు. దేవి పేరు కింద ఆ మంగళవారం మాట ఉంది. దాని వెనక ఆమె ఎప్పుడో పిల్లాడికి పాడిన జోలపాట ఉంది, 'పనికి సంబంధం లేని శబ్దం, పదకొండు నిమిషాలు' అని. హిమబిందు కాగితాలు ఆరు. ఆమె వాటిని అమ్మకి చదివి వినిపించడం మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర ఆపేసింది. అప్పాయమ్మ కూడా అడగలేదు. ఒక పేజీలో ఫొటోలు చిన్నచిన్న గళ్లలో ఉన్నాయి. హిమబిందు వాటిమీద అరచెయ్యి మూసిపెట్టింది.

"అడుగున ఇంకోటుందే," అంది దేవి. "ఇది మనది కాదు."

పైన 'వీరేంద్ర, సూపర్‌వైజర్' అని ఉంది. భార్య మాటలు, అత్తగారి ఫోన్లు. ఓ చోట ఆడపిల్ల గొంతు, సైన్సు పాఠం పైకి చదువుతోంది: గుండెకి నాలుగు గదులుంటాయి. దాని పక్కన కూడా నిమిషాలు వేశారు. కాగితం కింద, ఖాళీ జాగాలో, నీలం సిరాతో సంతకం. తేదీ. దాని కింద చేత్తో రాసిన ఫోన్ నంబరు. ఏజెన్సీది కాదు, వేరేది.

"ఇది మనకెందుకిచ్చినాడే? పొరపాట్న పడిందేటి?"

"సంతకం పొరపాట్న పడదు దేవక్కా."

దేవి మళ్లీ చూసింది. ఈసారి నెమ్మదిగా.

"ఎక్కడికే ఇప్పుడు?" అంది అప్పాయమ్మ. చేపల బేసిన్లు అప్పుడే గోడ వారన బోర్లించింది. ఇవాళ కూడా బజారు లేదన్నట్టు.

"ముందు లేబరాఫీసు. పదింటికి తీత్తారు. ఫొటోలున్నాయి గాబట్టి తర్వాత పోలీస్ స్టేషన్." ఆ మాట తన నోటివెంటే వచ్చిందంటే హిమబిందుకి నమ్మకం కలగలేదు. తొమ్మిదికి లాగిన్ అవ్వాలి. అవ్వదు. ఆ తర్వాత ఏమవుతుందో తెలీదు. 

అల్మరాలోంచి స్టేప్లర్ తీసింది. దేవి కాగితాలు ఒక కట్ట. తనవి రెండోది. వీరేంద్రది ఒక్కటే అయినా మూడో కంప్లెయింటుగా వేరే పెట్టింది. మూడూ అంచులు సరిచేసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, మూడింటినీ కలిపి మంచం కోడుకి ఆనించి స్టేప్లర్ నొక్కింది.  మొదటి పిన్ను వంకరపోయింది. గోటితో దాన్ని పీకేసి, ఇంకోటి కొట్టింది.